పిడుదు పట్టక ముందు, పట్టిన తరవాత

ఆముదం గింజను అరచేతిలో పెట్టుకుని చూడండి. నున్నటి ఒళ్లు, గోధుమరంగు చారలు, ఒక కొనన చిన్న బుడిపె. గేదె చెవి వెనక నెత్తురు తాగి ఉబ్బిన పిడుదును చూసినవాళ్లకు ఆ పోలిక వెంటనే తడుతుంది. లాటిన్ వాళ్లకూ తట్టింది. వాళ్ల భాషలో పిడుదును రిసినస్ అన్నారు. ఆముదం మొక్కకు రిసినస్ కమ్యూనిస్ అనే శాస్త్రీయ నామం ఆ పోలికతోనే వచ్చింది. నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట చేలల్లో ఆముదం పండించిన రైతులకు ఆ గింజా తెలుసు, ఈ పురుగూ తెలుసు. కొందరు పిడుదు అంటారు, కొందరు గోమారి అంటారు. దాన్ని పశువుల బాధగానే చూశాం గానీ, అది మనిషినీ పడుతుందనీ, ప్రాణం మీదికి తేగలదనీ మనలో చాలామంది అనుకోలేదు.

మా చిన్నప్పుడు సాయంత్రం పూట మా నాయనమ్మ గేదె పక్కన పీట వేసుకుని కూర్చునేది. చెవుల్లో, తోక మొదట్లో, పొదుగు సందుల్లో వెతికి ఒక్కో గోమారిని పీకి, గోటితో చిదిమి, ఆ చేతిని కొంగుకు తుడుచుకుని పాలు పితకడానికి లేచేది. పశువు మీద ఆమెకున్న ప్రేమ అది. కానీ ఆ గోటితో చిదమడం ఎంత ప్రమాదమో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇప్పటికీ మన ఊళ్లలో చెప్పేవాళ్లు తక్కువే. పిడుదుల నుంచి కాపాడుకోవడం గురించి పత్రికల్లో వచ్చేదంతా అమెరికా సలహాల అనువాదం. అక్కడి పచ్చిక వేరు, మన కొట్టం వేరు. అందుకే ఈ విషయాన్ని మన పక్కనున్న కర్ణాటక మలెనాడు అడవి నుంచి, మన పశువుల కొట్టం నుంచి, మన పిల్లలు స్థిరపడిన న్యూజెర్సీ దాకా కలిపి చూడాలనిపించింది.

ముందు పురుగును తెలుసుకోవాలి. దీనికి ఎనిమిది కాళ్లు. సాలెపురుగుకీ తేలుకీ చుట్టం. ఎగరలేదు, దూకలేదు. చెట్ల మీద నుంచి తల మీద రాలుతుందనుకోవడం పొరపాటు. గడ్డిపరక కొసకో పొద అంచుకో ఎక్కి, ముందు కాళ్లు చాచి కాచుకుని ఉంటుంది. ఆ కాళ్లలో ఉన్న అవయవంతో మన ఊపిరినీ ఒంటి వేడినీ పసిగడుతుంది. మనం రాసుకుంటూ పోతే బట్టకు తగులుకుని మెల్లగా పైకి పాకుతుంది. మోకాలి వెనక, గజ్జల్లో, నడుం దగ్గర, చంకల్లో, చెవి వెనక, జుట్టులో, అంటే చర్మం పలచగా ఉండి చెమట పట్టే చోట కుదురుకుంటుంది. మూతికి వెనక్కి తిరిగిన ముళ్లుంటాయి. చాలా జాతులు జిగురులాంటి పదార్థం వదిలి మరీ అతుక్కుంటాయి. వాటి లాలాజలంలో చర్మాన్ని మొద్దుబార్చే గుణం ఉంది, నెత్తురు గడ్డకట్టనివ్వని గుణం ఉంది. చీమ కుట్టినంత నొప్పి కూడా తెలియదు. దోమ ఒక్క నిమిషంలో పని ముగించుకుని పోతుంది, పిడుదు రోజుల తరబడి ఉంటుంది. మన భాషలో పట్టు విడవనివాళ్లను జలగతో పోలుస్తాం గానీ, జలగ అయినా పిడుదంత కాలం పట్టుకుని ఉండదు.

ఇంకో సంగతి. గుడ్డు నుంచి బయటపడ్డాక దీనికి మూడు దశలు. గట్టి వీపున్న జాతులు ఒక్కో దశలో ఒక్కసారే నెత్తురు తాగుతాయి. మొదటి దశలో ఎలుక నుంచి ఎక్కించుకున్న క్రిమిని రెండో దశలో మనిషికి ఎక్కించగలవు. ఆ రెండో దశ పిల్ల పిడుదు గసగసం గింజంతే ఉంటుంది. మనుషులకు జబ్బులు అంటించడంలో దీనిదే పెద్ద చెయ్యి. మనం భయపడేది ఆముదం గింజంత దానికి. భయపడాల్సింది గసగసం గింజంత దానికి.

రోగాలను పురుగులు మోస్తాయన్న సంగతి మొదట రుజువైంది కూడా పిడుదుతోనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. దానికి నాలుగేళ్ల ముందే, 1893లో, అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు టెక్సాస్ జ్వరం పశువు నుంచి పశువుకు పిడుదు ద్వారానే పాకుతుందని నిరూపించి వివరంగా ప్రచురించారు. ఆ జాతి జబ్బే మన దగ్గర పశువులకు ఎర్రమూత్రం తెప్పించి చంపుతోంది.

ఇక మన దేశపు అసలు పాఠం కర్ణాటకలో ఉంది. 1957లో శివమొగ్గ జిల్లా సొరబ తాలూకా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడటం మొదలైంది. వెంటనే చుట్టుపక్కల ఊళ్లలో మనుషులకు జ్వరాలు. కోతుల చావులు చూసి, ఎల్లో ఫీవర్ భారతదేశంలో అడుగుపెట్టిందేమోనని శాస్త్రవేత్తలు హడలిపోయారు. పూనాలోని వైరస్ పరిశోధన కేంద్రం వాళ్లు వచ్చి, కొత్త వైరస్‌ను వేరుచేసి, దాన్ని మోస్తున్నది పిడుదని తేల్చారు. జబ్బుకు ఆ అడవి పేరే పెట్టారు. స్థానికులు మాత్రం మంగన కాయిలె అంటారు, అంటే కోతి జబ్బు. ఒక్కసారిగా జ్వరం, తల పగిలిపోయే నొప్పి, ఒళ్లునొప్పులు, వాంతులు, కొందరికి చిగుళ్ల నుంచీ ముక్కు నుంచీ నెత్తురు. తగ్గిందనుకున్న జ్వరం కొందరికి ఒకటి రెండు వారాల తరవాత తిరగబెట్టి మెదడును బాధిస్తుంది. సోకిన నూరుమందిలో ముగ్గురి నుంచి ఐదుగురు చనిపోతారని లెక్క. నేరుగా పనిచేసే మందు లేదు. ఒంట్లో నీరు తగ్గకుండా, రక్తస్రావం ముదరకుండా చూసుకోవడమే వైద్యం.

కోతిని నిందించి లాభం లేదు. అది కూడా ఈ జబ్బుకు బలయ్యేదే. కోతి చచ్చి నేలకు పడ్డాక దాని ఒంటి మీది పిడుదులు దిగి చుట్టుపక్కల పాకుతాయి. అందుకే అక్కడ చచ్చిన కోతి కనబడితే దగ్గరికి పోవద్దని, వెంటనే ఆరోగ్య సిబ్బందికి చెప్పమని పదేపదే అంటారు. వాళ్లు వచ్చి దాని చుట్టూ యాభై మీటర్ల మేర మందు చల్లుతారు. ఈ జబ్బుకు కాలం ఉంది, దాదాపు డిసెంబరు నుంచి మే దాకా. పిల్ల పిడుదులు విరివిగా తిరిగేది అప్పుడే. పోకతోటల ఎరువుకూ కొట్టాల్లో పరుపుకూ జనం అడవిలోకి పోయి ఎండుటాకులు పోగుచేసేదీ, కట్టెలు తెచ్చుకునేదీ ఆ నెలల్లోనే. పశువులను అడవిలోకి తోలేకొద్దీ పెద్ద పిడుదులకు కడుపునిండా తిండి దొరికి వాటి సంతతి పెరుగుతుందని శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. చాలా ఏళ్లు ఒక్క శివమొగ్గ చుట్టుపక్కలే ఉన్న జబ్బు 2012 తరవాత బందీపూర్, నీలగిరి, వయనాడ్, గోవా, మహారాష్ట్ర సింధుదుర్గ్ దాకా కనబడింది. 2018–19లో సాగర తాలూకా అరళగోడులో పెద్దఎత్తున విరుచుకుపడింది.

దీనికి ఒక టీకా ఉండేది. దశాబ్దాలు వాడారు. రక్షణ అంతంత మాత్రం, మళ్లీ మళ్లీ వేయించుకోవాలి, సూది పోటు నొప్పి అని జనం ముఖం చాటేశారు. 2022లో వాడకం ఆపేశారు. ఇప్పుడు ఐసీఎంఆర్, హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ కలిసి కొత్త టీకా తయారుచేస్తున్నాయి. అది వచ్చేదాకా మలెనాడు జనానికి మిగిలింది ఒంటికి రాసుకునే నూనె, నిండుగా కప్పే బట్ట, ఇంటికి వచ్చాక వేడినీళ్ల స్నానం. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధనశాల తయారుచేసిన డెపా నూనెను కర్ణాటక ప్రభుత్వం ఆ ఊళ్లలో పంచుతోంది. బెంగళూరు నుంచో హైదరాబాద్ నుంచో సెలవులకు ఆగుంబె, కొడచాద్రి అడవులకు ట్రెక్కింగ్ వెళ్లే మన కుర్రాళ్లకు మాత్రం ఈ జబ్బు పేరే తెలియదు. జనవరిలో నిక్కర్లు వేసుకుని ఆ ఎండుటాకుల మీద కూర్చుని ఫొటోలు దిగుతారు. వాళ్ల తల్లిదండ్రులు చదువుతారనే ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను.

మన ఇంటి దగ్గరికి వస్తే, అడవిదాకా పోనక్కర్లేదు. హయలోమ అనే జాతి పిడుదులు కొట్టం గోడల పగుళ్లలోనే కాపురం పెడతాయి. క్రిమియన్ కాంగో జ్వరం మోసేవి ఇవే. ఆ జబ్బు భారతదేశంలో మొదటిసారి ఖాయమైంది 2011 జనవరిలో, గుజరాత్‌లోని సాణంద్ దగ్గర. రోగితో పాటు ఆమెకు వైద్యం చేసిన డాక్టరూ నర్సూ కూడా చనిపోయారు. పిడుదు కుట్టనక్కర్లేదు, నలిపినప్పుడు చిమ్మిన రసం చేతి గీతల్లోకి పోయినా, సోకిన పశువును కోసేటప్పుడు నెత్తురు తగిలినా చాలు. నాయనమ్మ గోటిని గుర్తుచేసుకున్నది ఇందుకే. తెలంగాణలో గొల్లకురుమలకు, రాయలసీమలో మందల కాపరులకు, మాంసం కొట్టే కార్మికులకు చేతి తొడుగులు ఎవరిచ్చారు? 2017లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెలను పెద్దసంఖ్యలో పంపిణీ చేసింది. ఇలాంటి పథకాల్లో గొర్రెతో పాటు ఒక జత తొడుగులు, ఒక చిన్న పట్టకారు, పిడుదులను గోటితో చిదమవద్దని బొమ్మలతో ఒక కాగితం ఇవ్వడం ఏ ప్రభుత్వానికీ బరువు కాదు.

పట్నంలో ఉన్నాం, మాకు పశువుల్లేవు అనేవాళ్ల ఇంట్లో కుక్క ఉంటుంది. గోధుమరంగు కుక్క పిడుదు ప్రపంచమంతా ఉన్నదే. చిత్రమేమంటే ఇది ఇంట్లోనే తరాలు గడపగలదు. గోడ ఎక్కుతుంది, తలుపు సందుల్లో, మంచం కోళ్లలో, కర్టెన్ మడతల్లో దాక్కుంటుంది, అక్కడే గుడ్లు పెడుతుంది. పెంపుడు కుక్కలకు టిక్ ఫీవర్ అని వెటర్నరీ డాక్టర్లు చెప్పేది దీని మూలంగానే. మనుషులకు ఇది ఇండియన్ టిక్ టైఫస్ అంటించగలదు. ఇందులో జ్వరంతో పాటు అరచేతుల్లో, అరికాళ్లలో కూడా దద్దు లేస్తుంది. కాబట్టి కుక్కకు డాక్టరు చెప్పిన మందు నెలనెలా తప్పకుండా వేయించడం పిల్లలకు ఇచ్చే రక్షణే. కుక్కకు మందేసి ఇంటి పగుళ్లు వదిలేస్తే పని సగమే అయినట్టు.

కొట్టం విషయంలోనూ అంతే. పశువు ఒంటికి మందు కొట్టి చేతులు దులుపుకుంటాం. గుడ్లు పెట్టే పిడుదు ఉండేది నేల మీద, గోడ బీటల్లో. పగుళ్లు పూడ్చడం, సున్నం కొట్టడం, పేడకుప్పను దూరంగా పెట్టడం, ఎండిన చెత్త ఊడ్చి కాల్చడం ముఖ్యం. నాటుకోళ్లు వదిలితే పిడుదులను ఏరుకుని తింటాయి, పాత తరం కొట్టాల్లో కోళ్లు తిరగడానికి అదీ ఒక ప్రయోజనం. ఒకే మందు ఏళ్ల తరబడి, డబ్బా మీద రాసినదానికంటే పలచగా కలిపి కొట్టడం వల్ల మన పశువుల పిడుదులు చాలాచోట్ల మందులకు మొండికేశాయి. ఏ మందు, ఎంత, పాలిచ్చే గేదెకు ఇస్తే ఎన్ని రోజులు పాలు వాడకూడదు అన్నది పశువైద్యుడిని అడిగి చేయాల్సిందే. ఆ మందును మనుషుల తలకు రాయడం కొన్ని ఊళ్లలో ఉంది. పిల్లలకు అది ప్రాణాపాయం.

వానల తరవాత మన రెండు రాష్ట్రాల్లో వినబడే స్క్రబ్ టైఫస్‌ను చాలామంది పిడుదు జబ్బే అనుకుంటారు. అది నల్లి (మైట్) జాతి పురుగు పిల్లతో వచ్చేది, ఆ పిల్ల కంటికి దాదాపు కనబడదు. కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు కట్టవచ్చు. పురుగు వేరే అయినా కాపుదల ఒకటే, టిక్ టైఫస్‌కు వాడే డాక్సీసైక్లిన్ అనే మందే దీనికీ. పొదల్లో, గడ్డిలో నేరుగా కూర్చోకపోవడం, పొలం నుంచి రాగానే బట్టలు మార్చడం రెండింటికీ పనికొస్తాయి.

అమెరికా సంగతికి వస్తే, అక్కడ మనవాళ్ల కుటుంబాలు ఎక్కువగా ఉన్న న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, కనెక్టికట్ వంటివి లైమ్ జబ్బుకు నిలయాలు. 1975 ప్రాంతంలో కనెక్టికట్‌లోని లైమ్ అనే ఊళ్లో పిల్లలకు కీళ్లు వాయడం చూసి ఊరుకోని తల్లులు అధికారుల వెంటపడితే గానీ ఆ జబ్బు లోకానికి తెలియలేదు. 1981లో విల్లీ బుర్గ్‌డోర్ఫర్ పిడుదు కడుపులో దాని క్రిమిని పట్టుకున్నాడు. ఇప్పుడు ఏటా సుమారు 4,76,000 మందికి అక్కడ లైమ్‌కు వైద్యం జరుగుతోందని వాళ్ల ప్రభుత్వ సంస్థ సీడీసీ అంచనా. పెరట్లో తోట పని చేసే తల్లులు, ఆకులు ఊడ్చే తండ్రులు, సాకర్ బంతి కోసం పొదల్లో దూరే పిల్లలు, సెలవులకు వెళ్లి సాయంత్రం నడకకు బయల్దేరే తాతలూ అమ్మమ్మలూ అందరూ దాని దారిలోనే ఉన్నారు.

ఇక్కడ మనవాళ్లు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సినది ఒకటుంది. లైమ్‌కు గుర్తుగా పుస్తకాల్లో చూపే ఎర్రటి వలయం తెల్ల చర్మం మీద తీసిన ఫొటో. చామనఛాయ ఒంటి మీద అది ముదురు మచ్చలాగో, కమిలినట్టో కనబడుతుంది, ఒక్కోసారి ఆనవాలే పట్టదు. పైగా సోకినవాళ్లందరికీ అది రాదు. పిడుదు పట్టిన మూడు రోజుల నుంచి నెల లోపల మెల్లగా వెడల్పయ్యే మచ్చ ఏదైనా సరే, దురద లేకపోయినా, ఫొటో తీసి డాక్టరుకు చూపించాలి. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఇంకో తంటా ఉంది. లోన్ స్టార్ అనే పిడుదు కుట్టాక కొందరికి వేటమాంసం, గొడ్డుమాంసం, పంది మాంసం పడవు. తిన్న రెండు నుంచి ఆరు గంటల తరవాత దద్దుర్లు, వాంతులు, కొందరికి ఊపిరాడకపోవడం. ఆదివారం మటన్ తిని అర్ధరాత్రి ఆసుపత్రికి పోయినవాళ్లు దాన్ని అజీర్తి అనుకుని వదిలేయకూడదు.

ఇప్పుడు కాపుదల మార్గాలు తూచి చూద్దాం. బట్టల గురించి వాదన లేదు. పొడుగు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు, దాని అంచులు మేజోళ్లలోకి దోపడం, లేత రంగు. లేత రంగు పిడుదును దూరం పెట్టదు, పాకుతుంటే కనబడేట్టు చేస్తుంది, అంతే. ఒంటి మందుల్లో డీట్, పికారిడిన్ నమ్మదగ్గవి. రెండు నెలల లోపు పసివాళ్లకు డీట్ వద్దు. నిమ్మ యూకలిప్టస్ నూనె మూడేళ్ల లోపు వద్దు. మన దుకాణంలో దొరికే ప్రతి దోమల క్రీమూ పిడుదులను ఆపుతుందనుకోకండి, డబ్బా మీద చదవండి. బట్టలకూ బూట్లకూ పట్టించే 0.5 శాతం పెర్మెత్రిన్ నా లెక్కలో కొనుక్కునే వాటన్నిటిలో మేలైనది. అది ఒంటికి రాయకూడదు. తడిగా ఉండగా పిల్లులను దగ్గరికి రానివ్వకూడదు.

ఇవన్నీ ఉన్నా లేకపోయినా మానకూడని పని ఒంటిని వెతుక్కోవడం. ఇంటికి రాగానే రెండు గంటల లోపు స్నానం. బట్టలు డ్రయర్‌లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు, అది లేనిచోట వేడినీళ్లలో నానబెట్టడం. తరవాత దీపం కింద పిల్లల జుట్టు, చెవులు, బొడ్డు, గజ్జలు, మోకాలి వెనక వేళ్లతో తడిమి చూడటం. తల దువ్వి పేలు చూసే అలవాటున్న జాతి మనది, ఆ ఓపిక ఇంకా మన చేతుల్లో ఉంది. లైమ్ క్రిమి ఒంట్లోకి రావడానికి మామూలుగా ఇరవై నాలుగు గంటలకు పైగా పడుతుంది గనక అదే సాయంత్రం తీసేస్తే చాలావరకు బయటపడినట్టే. అయితే అన్నిటికీ అంత గడువు ఉండదు. పిడుదు మోసే పొవాసాన్ అనే వైరస్ పావుగంటలోనే ఎక్కగలదు. క్యాసనూరు జబ్బు కూడా వైరస్ వల్లే వచ్చేది, అందుకే మలెనాడు లాంటి చోట వెతుకులాట ఒక్కటే చాలదు, నూనే బట్టా కూడా కావాలి.

తీసే పద్ధతి ఒక్కటే. సన్నమొన శ్రావణంతో, అదే ట్వీజర్‌తో, చర్మానికి వీలైనంత దగ్గరగా పిడుదు మూతిని పట్టుకోవాలి, పొట్టను కాదు. మెలితిప్పకుండా, కుదపకుండా నిలకడగా పైకి లాగాలి. మూతి ముక్క ఉండిపోతే చర్మాన్ని తవ్వొద్దు, అదే బయటికి వస్తుంది. సబ్బుతో కడిగి స్పిరిట్ రాయాలి. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్ల అంటించడం, నెయ్యి, గోళ్లరంగు పూయడం మన దగ్గరా అక్కడా ఉన్న పాత అలవాట్లే. వాటితో పిడుదు వదిలేదాకా కాలహరణం, ఈలోగా అది మన ఒంట్లోకి ఇంకా ఉమ్మవచ్చు. తీసినదాన్ని స్పిరిట్ సీసాలో వేయండి, లేదా టేపు మధ్య అంటించి తేదీ రాసి దాచండి. లైమ్ ఉన్న రాష్ట్రాల్లో అయితే తీసిన 72 గంటల లోపు డాక్టరును కలిస్తే, అవసరాన్ని బట్టి ఒక్క మోతాదు డాక్సీసైక్లిన్‌తో ముందే ఆపే వీలుంది.

చివరిది డాక్టరు గది. టైఫస్ జాతి జ్వరాల్లో రక్తపరీక్ష ఫలితం కోసం మందు ఆపకూడదు, ఆలస్యమైనకొద్దీ ప్రమాదం. డాక్సీసైక్లిన్ పిల్లల పళ్లకు మచ్చ తెస్తుందన్న పాత భయంతో ఇంకా కొందరు వెనకాడుతున్నారు. ఈ జ్వరాలకు ఇచ్చే కొద్దిరోజుల మోతాదుతో ఆ భయం అక్కర్లేదని, ఏ వయసు పిల్లలకైనా ఇవ్వాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. కానీ డాక్టరుకు అనుమానం రావాలంటే ముందు మనం చెప్పాలి. మన దగ్గర జ్వరమంటే మలేరియా, డెంగీ, టైఫాయిడ్ పరీక్షలు అయ్యాక గానీ నాలుగో ఆలోచన రాదు. అందుకని, గత రెండు మూడు వారాల్లో మీరు గానీ మీ పిల్లలు గానీ అడవికో, పొలానికో, మందలోకో వెళ్లి ఉంటే, ఇంట్లో కుక్క ఉంటే, ఒంటి మీంచి పిడుదును తీసి ఉంటే, జ్వరంతో ఆసుపత్రికి వెళ్లినప్పుడు డాక్టరు అడిగేదాకా ఆగకండి. కూర్చోగానే ఆ మాటే ముందు చెప్పండి.